ఒకే ఇంటికి రెండు పిలుపులు

కోదాడలో మా వీధివాళ్లకు నేను కంప్యూటర్ల మేడంను. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ఫోనులో చోటు చాలకపోయినా నా తలుపే తడతారు. నా వృత్తి అది కాదని వివరించడానికి పదవీ విరమణ చేసిన కొత్తలో ప్రయత్నించాను. ఎదురింటి సావిత్రమ్మ అంతా ఓపికగా విని, "అంటే ప్రింటర్ బాగుచేయడం కూడా మీకు రాదన్నమాట" అని తేల్చి చెప్పింది. ఆ తరువాత వివరించడం మానుకుని, ప్రింటర్ బాగుచేయడం నేర్చుకున్నాను.

నేను చేసింది కంపైలర్లు నిర్మించే పని. మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రం పాటించగల ఆజ్ఞలుగా మార్చిపెట్టే సాధనం కంపైలర్. చాలా ఏళ్లు హైదరాబాదులో, చివరి కొన్నేళ్లు సూర్యాపేటలో ఆ పని చేశాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇప్పటికీ వచ్చి ఏ భాష నేర్చుకోవాలి, ఏ కంపెనీలో ఎదుగుదల ఉంటుంది అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు నా దగ్గరున్న సమాధానాలు నా చీరలంత పాతవి. నాకు పదోన్నతులు ఎప్పుడెప్పుడు వచ్చాయో కూడా ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ బోధపడలేదు, నాతో సహా.

ఒక్క సంగతి మాత్రం క్రమంగా రాసిపెడతాను. కంపైలర్ లోపల పుట్టిన ప్రతి విలువా ఎక్కడెక్కడ వాడుకలో ఉందో పొరపాటు లేకుండా తెలుసుకుంటూ ఉండటం ఎలాగన్నదే ఆ సంగతి. వినడానికి ఇది గుమస్తా పనిలా ఉంటుంది. నిజానికి గుమస్తా పనే. దాన్ని చిన్నచూపు చూసిన తెలివైనవాళ్ల పుణ్యాన నేను ఎన్నో ఆదివారాలు పోగొట్టుకున్నాను.

గిన్నె మీద పేరు

కంపైలర్ మనిషి రాసిన భాష నుంచి యంత్ర భాషలోకి ఒక్క గంతులో వెళ్లదు. నడుమ తనకు అనువైన ఒక రూపంలోకి ప్రోగ్రామును తిరగరాసుకుంటుంది. దాన్ని మధ్యరూపం అందాం. అందులో ఒక్కొక్క వరుస ఒక్కొక్క విలువను పుట్టిస్తుంది. తరువాతి వరుసలు ఆ విలువను తెచ్చుకుని వాడుకుంటాయి.

మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తాం. పక్కింటికి కూర పంపిన గిన్నె ఎవరిదో, ఆ ఇంట్లో నిలబడి గిన్నె తిప్పి చూస్తే తెలిసిపోతుంది. మధ్యరూపంలోనూ అంతే. తాను వాడుకుంటున్న విలువ ఏ వరుసలో పుట్టిందో వాడుకునే వరుసకు తెలుసు. ఇది తేలికైన వైపు. ఇప్పుడు గిన్నె సొంతదారు ఇంట్లో నిలబడి అడగండి: నా గిన్నెలు ఈ క్షణాన ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయి? చెక్కిన పేరు ఇక్కడ పనికిరాదు. ఊళ్లోని ప్రతి వంటగదీ వెతకాలి, లేదా గిన్నె గడప దాటినప్పుడల్లా గుర్తుపెట్టుకోవాలి. మా అమ్మది రెండో పద్ధతి. ఏ గిన్నె ఎవరింట్లో ఉందో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి ఆ ఇళ్లవాళ్లకూ తెలుసు. అందువల్ల మా గిన్నెలు వెంటనే తిరిగి వచ్చేవి, చాలాసార్లు అడుగున ఏదో ఒక పిండివంటతో.

కంపైలర్ చేయవలసింది మా అమ్మ చేసిన పనే. ప్రతి విలువ పక్కనా, దాన్ని వాడుకునే చోట్లను చూపే పట్టీ ఒకటి ఉంచుకుంటుంది. దాన్ని వాడకాల పట్టీ అంటాను. పాత విలువకు బదులు మెరుగైన కొత్త విలువను పెట్టాలంటే, ఆ పట్టీ పట్టుకుని ఒక్కొక్క చోటికీ వెళ్లి మార్చి రావాలి. పట్టీ ఖాళీ అయిందంటే ఆ విలువ ఇక ఎవరికీ అక్కరలేదు, తుడిచివేయవచ్చు. తుడిచే దశను మేము ఆఫీసులో 'చీపురు' అనేవాళ్లం. చీపురుకు బుద్ధి ఉండదు, విశ్వాసం ఉంటుంది. పట్టీ ఏమి చెబితే అది నమ్ముతుంది.

కదిలే బస్సులో టికెట్లు

హైదరాబాదులో నా మొదటి పై అధికారి ఒక పెద్దమనిషి. పేరు రాయను. మంచివారు, ఇప్పుడు మనవలతో ప్రశాంతంగా ఉన్నారని విన్నాను. ఆయన రాసిన దశ ఒకటి పాత విలువలను కొత్తవాటితో మార్చుతూ, ఎప్పుడూ సగం చోట్లు మాత్రమే మార్చి ఆగిపోయేది. తప్పు చిప్‌లో ఉందని ఆయన చిప్ తయారీదారులకు ఘాటైన ఉత్తరాలు రాస్తుండేవారు.

నేను చూసింది ఇది. ఆయన పట్టీ వెంట నడుస్తూ, నడుస్తూనే పట్టీని మారుస్తున్నారు. ఒక చోట విలువ మారిందంటే ఆ చోటు పాత విలువ పట్టీలోంచి జారిపోతుంది. వెనకున్నది ముందుకు జరుగుతుంది. ఆయన మాత్రం తరువాతి స్థానానికి అడుగు వేస్తారు. ముందుకు జరిగినది తప్పించుకుంటుంది.

"సార్, కోదాడ బస్సులో కండక్టరు ముందు సీటు నుంచి టికెట్లు కొడుతున్నాడనుకోండి," అన్నాను. "టికెట్ తీసుకున్నవాడు లేచి వెనక్కి పోతాడు. వెనకవాడు వచ్చి ఆ సీట్లో కూర్చుంటాడు. కండక్టరు రెండో సీటుకు పోతాడు. సగం బస్సు టికెట్ లేకుండా సూర్యాపేట చేరుతుంది."

"నేను బస్సులు ఎక్కను," అన్నారాయన.

"ఆ సంగతి మీ కోడ్ చూస్తేనే తెలిసింది సార్," అన్నాను.

ఆ సంవత్సరం నాకు రావలసినది ఏదో రాలేదు. పదోన్నతుల గురించి రాయనని ముందే చెప్పాను కనుక అది దాటవేస్తున్నాను. మీరు మాత్రం అడుగు వేసే ముందు తరువాతి స్థానం ఏదో పట్టుకుని, ఆపైన చేతిలో ఉన్నదాన్ని మార్చండి. ఈ బస్సు పోలిక ఇంకొకరితో అనేముందు ఆయన బస్సు ఎక్కుతారో లేదో కూడా కనుక్కోండి.

సూర్యాపేట, పై అంతస్తు

చివరి ఉద్యోగం సూర్యాపేటలో. రహదారి పక్కన, మోటారు విడిభాగాల దుకాణం మీది అంతస్తు. బియ్యంలోంచి నల్లగింజలను ఏరివేసే యంత్రాలకు మెదడు లాంటి చిన్న చిప్‌ను, దానికి కావలసిన కంపైలర్‌ను మా సంస్థ తయారుచేసేది. మిర్యాలగూడలో ఉన్నన్ని మిల్లులు చుట్టుపక్కల మరెక్కడా లేవు కనుక ఆలోచన చక్కనిదే. యజమాని మురళీధర్ రెడ్డి గారు. ఆయన కూడా ఇంజనీరే. చదివింది బాగా చదివారు, చేసేది తొందరగా చేస్తారు. ఫోనులో మాట్లాడితే స్పీకరు పెట్టి మాత్రమే మాట్లాడతారు. కాబట్టి వారి కుటుంబ వ్యవహారాలు మా అందరికీ క్షుణ్ణంగా తెలుసు.

నా కింద పనిచేసిన అమ్మాయి అనిత. సొంతూరు హాలియా. శిక్షణకాలం ముగియవస్తోంది, ఉద్యోగం ఖాయం చేయవలసిన తరుణం. కంపైలర్ పని కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడు ఊళ్లలో కలిపి ఆ ఒక్క అంతస్తు మీదే ఉంది. ఇక్కడ కాదంటే ఆమె ఇష్టపడి నేర్చుకున్నది అటకెక్కించి, దొరికిన పనిలో చేరవలసిందే. మా చీపురు దశను రాసింది ఆమె. నేను వంకలు వెతికే మనిషిని. వెతికి, దొరక్క, అసంతృప్తితో సంతకం పెట్టాను.

ఆ తరువాత నేను కంటి ఆపరేషన్ కోసం ఖమ్మం వెళ్లి, కొంతకాలం సెలవులో ఉన్నాను. ఇది గుర్తుంచుకోండి.

నల్లగింజలకు మర్యాద, తెల్లగింజలకు తన్నులు

తిరిగి వచ్చిన వారంలోనే మిర్యాలగూడలో పరీక్ష. మిల్లు నర్సిరెడ్డి గారిది. ఆయన మురళి గారి భార్యకు స్వయానా అన్న. అంతే కాదు, నర్సిరెడ్డి గారి కూతురిని మురళి గారి అక్క కొడుక్కే ఇస్తున్నారు. అక్కగారిది కోదాడ. పెళ్లి దగ్గరపడింది, పెళ్లి బియ్యాన్ని ఈ కొత్త యంత్రంలోనే శుభ్రం చేయిస్తానని నర్సిరెడ్డి గారు పంతం పట్టారు.

యంత్రం చేసే పని తేలిక. ప్రతి గింజా కెమెరా ముందునుంచి జారుతుంది. మంచి బియ్యపు తెలుపుకూ దాని తెలుపుకూ ఎంత తేడా ఉందో ప్రోగ్రాము లెక్కిస్తుంది. ఆ తేడాను దానితోనే గుణిస్తుంది. అలా చేస్తే చిన్న తేడా చిన్నగానే ఉంటుంది, పెద్ద తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. హద్దు దాటిన గింజను గాలి గొట్టం ఒక్క ఊదుతో బయటికి తంతుంది.

ఆనాడు తన్నింది. తన్నవలసిన గింజను కాదు, దాని వెనక వచ్చినదాన్ని.

నర్సిరెడ్డి గారు రెండు వైపులనుంచీ దోసెడేసి బియ్యం తీసి చూపించారు. "ఏంది మురళీ గిది? నల్లగింజలేమో దొరల లెక్క లోపలికి పోతున్నయి. తెల్లగింజలనేమో బయటికి తంతున్నది. నీ మిషన్‌కు నా మీద ఏమన్న పగ ఉన్నదా?"

"జర సెట్టింగ్ చూడాలె బావా," అన్నారు మురళి గారు.

"సెట్టింగ్ కాదు. రేపు చుట్టాల విస్తర్ల నల్లగింజలు పడితే నవ్వేది నిన్ను కాదు, నన్ను. పెండ్లి లోపల మంచిగైతే సరే, లేకుంటే నీ మిషన్ నువ్వు తీస్కపో."

తిరుగు దారిలో కారులో మురళి గారు ఫోను ముట్టలేదు. ఆయన ఫోను ముట్టకపోతే ఎవరిదో ఒకరి ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నారని అర్థం. ఆఫీసుకు చేరగానే నన్ను గదిలోకి పిలిచారు.

"మధ్యరూపం ముద్రించి చూసిన మేడం. తేడా లెక్కించే వరుసే మాయమైంది. చీపురు ఊడ్చి పారేసింది. ఆ చీపురు రాసింది అనితనే గద. సోమవారం నుంచి రావద్దని మీరే చెప్పుండ్రి."

"నోటిమాటతో కుదరదు సార్. లేఖ ఇవ్వాలి. లేఖలో కారణం ఉండాలి. అసలు కారణం నాకింకా తెలియదు. తెలియనిది నేను రాయను."

"ఎప్పటికి తెలుస్తది?"

"పద్ధతి ప్రకారం వెతికితే సోమవారానికి."

జీవితమంతా క్రమశిక్షణ పాటించినందుకు దొరికే లాభం ఒకటుంది. మన మొండితనాన్ని జనం పద్ధతి అనుకుంటారు. మురళి గారు తలవూపి ఒప్పుకున్నారు.

అనిత నా బల్ల ముందు నిలబడింది. ఆమెకు సంగతి అప్పటికే తెలుసు. ఆ గదుల మధ్య గోడలు చెక్కవి.

"మేడం, నన్ను తీసేస్తరా?"

"ముందు చీపురు మళ్లీ చదువు."

"చదివిన మేడం. అది ఒక్కటే అడుగుతది, పట్టీ ఖాళీయా అని. ఖాళీ అంటేనే ఊడుస్తది."

"అయితే తప్పేమిటి?"

"తప్పు కనబడుతలేదు మేడం. గదే భయమైతున్నది. కనబడితే దిద్దుకుందును."

ఈ వృత్తిలో ఇంతకన్న నిజాయితీ గల మాట నేను వినలేదు. ఇద్దరం కూర్చుని చీపురును అక్షరం అక్షరం చదివాం. మాకు ఒక తనిఖీ దశ కూడా ఉండేది, నేను చేరకముందు ఎవరో రాసినది. అది ప్రతి పట్టీనీ చదివి, అందులో ఉన్న ప్రతి పేరూ నిజమైనదేనా అని చూసేది. అదీ అంతా సవ్యంగా ఉందనే చెప్పింది. మా చిన్న పరీక్షలన్నీ నెగ్గాయి. వాటిలో ఎప్పుడూ ఒక విలువను మరొక విలువతో గుణించేవాళ్లం. శనివారం వచ్చింది. అనిత అన్నం డబ్బా తెరిచి, తినకుండా మూసింది.

స్పీకరులో పెళ్లి పిలుపు

శనివారం మధ్యాహ్నం మురళి గారి గదిలోంచి కేక వినబడింది. ఆయన బావగారితో మాట్లాడుతున్నారు, ఎప్పటిలాగే స్పీకరు పెట్టి.

"ఏంది బావా! పెండ్లి భోజనాల పేర్లల్ల నా పేరే లేదట! మిషన్ ఫెయిలైందని నన్ను పెండ్లిలకెల్లే తీసేసినవా?"

"అరే, జర ఆగు మురళీ," అన్నారు నర్సిరెడ్డి గారు. "మా గుమస్తా అందరి పేర్లు కంప్యూటర్ల ఎక్కించిండు. నీ పేరు రెండు సార్లొచ్చింది. పిల్లగాని మేనమామవని ఒకసారి, మా చెల్లె పెనిమిటివని ఒకసారి. ఒక్క మనిషి రెండు సార్లెందుకని ఒకటి తీసేసిండు."

"తీసేస్తే ఇంకోటి ఉండాలె గద!"

"ఉండె. మొన్న మీ అక్క ఫోన్ చేసింది. పిల్లగాని దిక్కోళ్లకు కోదాడల దావత్ వేరే ఇస్తున్నం, గీడి లెక్కలకెల్లి వాళ్లను తీసెయ్యుండ్రి అన్నది. గుమస్తా పిల్లగాని దిక్కోళ్లందర్ని తీసేసిండు. అండ్ల నువ్వు సుత పోయినవ్. గంతే."

"గంతేనా? నీ తోడబుట్టిన చెల్లెకు బొట్టు పెట్టి పిలువలే. గంతేనా? ఆమె పొద్దటి సంది నాతోని మాట్లాడుతలేదు. మీ అన్న తప్పుకు నేనేం జేసిన అంటే, మాట్లాడక మాట్లాడక 'మిషన్' అన్నది!"

చెక్కగోడకు ఇవతల అనిత నవ్వు ఆపుకోవడానికి నోటికి చున్నీ అడ్డుపెట్టుకుంది. నేను నవ్వలేదు. నవ్వకపోవడం నా వ్యక్తిత్వ బలం కాదు. ఆ సంభాషణలో ఏదో నా వీపు తట్టి పిలిచినట్టయింది. పిల్లగాని దిక్కు ఒకసారి, పిల్ల దిక్కు ఒకసారి. రెంటినీ ఒకటి చేశారు. ఒక దిక్కు తీసేస్తే మనిషే మాయం.

"అనితా, తేడాను మనం దేనితో గుణిస్తున్నాం?" అని అడిగాను.

"తేడాతోనే మేడం. తనతోని తాను."

"అయితే ఆ గుణకారం పేరు తేడా పట్టీలో ఎన్నిసార్లు ఉండాలి?"

ఆమె చున్నీ తీసేసింది. "రెండు మేడం. ఎడమ దిక్కు ఒకటి, కుడి దిక్కు ఒకటి." వెంటనే కంప్యూటర్ వైపు తిరిగి చూసి, మెల్లగా అంది, "ఒక్కటే ఉంది."

మనిషి ఒక్కడే, వరసలు రెండు

నేను లేచి మురళి గారి గదిలోకి వెళ్లాను. అనితను కూడా రమ్మన్నాను. ఆయన ఫోను పెట్టేసి, పొగలు కక్కుతూ కూర్చుని ఉన్నారు. అలాంటి సమయంలో యజమాని గదిలోకి వెళ్లరాదని ఉద్యోగ ధర్మం. నేను పద్ధతిగా తలుపు తట్టి వెళ్లాను.

"సార్, ఒక సందేహం. ఆ గుమస్తా చేసిన తప్పేమిటి?"

"తప్పేందని అడుగుతరేంది మేడం! నేను రెండు దిక్కుల చుట్టాన్ని. రెండు దిక్కులోళ్లు పిలువాలె. మా అక్క పిలిస్తే అది అక్క పిలుపు. బావ పిలిస్తే అది బావ పిలుపు. ఒక దిక్కు తెగితే ఇంకో దిక్కు ఉంటది."

"మనిషి ఒక్కరే కదా సార్. పేరు రెండుసార్లు ఉంటే చూడటానికి బాగుండదేమో."

"బాగుండుడేంది? మనిషి ఒక్కడే, వరసలు రెండు! గింత తెల్వదా ఆయనకు?"

"ఆ మాట బోర్డు మీద రాయమంటారా?" అని, ఆయన ఏమనేలోపే సుద్దముక్క తీసుకున్నాను.

ముందుగా తేడా అని రాశాను. దాని కింద గుణకారం అని రాసి, పైనుంచి దానికి రెండు గీతలు గీశాను, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. పక్కన పట్టీ గీసి, అందులో గుణకారం పేరు ఒక్కసారే రాశాను.

"ఇక్కడ కొత్త తేడా ఒకటి వచ్చింది సార్. తక్కువ శ్రమతో లెక్కించినది. పాతదాని బదులు దీన్ని పెట్టడానికి మన దశ ఈ పట్టీ పట్టుకుని బయలుదేరింది. గుణకారం దగ్గరికి వెళ్లి ఎడమ చోట కొత్తది పెట్టింది. పట్టీలోంచి గుణకారం పేరు కొట్టేసింది. పట్టీ ఖాళీ." ఎడమ గీత చెరిపాను. "కుడి చోట ఇంకా పాతదే ఉంది. కానీ ఆ సంగతి చెప్పే పేరు పట్టీలో లేదు. చీపురు వచ్చి పట్టీని అడిగింది. పట్టీ ఎవరూ లేరంది. చీపురు ఊడ్చేసింది. ఇక కుడి చోట చిప్‌కు దొరికేది ఆ జాగాలో మిగిలిపోయిన పాత సొమ్ము, అంటే ముందటి గింజ తాలూకు తేడా. తనతో తాను గుణించే ఆజ్ఞలో మన చిప్ కుడి చోటునే రెండుసార్లు చదువుతుంది. అందుకే నల్లగింజ వెనక వచ్చిన తెల్లగింజకు తన్నులు పడ్డాయి."

మురళి గారు లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. తొందరపాటు మనిషే గాని, అర్థం చేసుకోవడంలో కూడా అంతే తొందర. ముఖం ఎర్రబడింది.

"గుణకారం ఒక్కటే, వాడకాలు రెండు," అన్నారు. "ఇంతకు ముందు పట్టీల రెండు పేర్లే ఉండేటివి గద మేడం. నేను చూసిన. ఎవరు తీసేసిండ్రు రెండోది?"

"అది తెలుసుకుందామనే వచ్చాను సార్. నేను ఖమ్మం వెళ్లేనాటికి రెండూ ఉన్నాయి."

అనిత నేల చూపులు చూస్తూ అంది, "సార్, మీరే సార్. మేడం సెలవుల ఉన్నప్పుడు, ఆఫీసు చూడొచ్చిన గెస్టులకు పట్టీ స్క్రీన్ మీద చూపెట్టేటప్పుడు, ఒక్క పేరు రెండు సార్లు గలీజుగ కనబడుతున్నదని మీరే కూసొని తీసిండ్రు."

మురళి గారు ఒకసారి బోర్డును చూశారు, ఒకసారి ఫోనును చూశారు.

నేను చాలా మర్యాదగా అడిగాను. "సోమవారానికి లేఖ సిద్ధం చేయమన్నారు సార్. కారణం ఇప్పుడు స్పష్టంగా ఉంది. పేరు దగ్గర ఎవరిది రాయమంటారు?"

ఆయన నవ్వకుండా ఉండటానికి గట్టిగా ప్రయత్నించి, ఓడిపోయారు. "మేడం, మీరు పాత పగలన్ని గిట్లనే తీర్చుకుంటరా?"

"పగలు కాదు సార్, పద్ధతి."

"అయితే గా లేఖ చింపెయ్యుండ్రి. అనితా, పట్టీ మంచిగ చెయ్యి. నీ ఉద్యోగానికి ఇప్పుడే సంతకం పెడుత. నా మొహం చూడకుండ పో ఇగ."

చుట్టం ఉన్నాడు, పిలుపు లేదు

పట్టీని సరిచేయడం అనితకు పెద్ద పని కాలేదు. వాడుకునే మనిషిని కాక, వాడుకునే చోటును లెక్కపెట్టాలి. గుణకారంలో ఎడమ చోటు వేరు, కుడి చోటు వేరు. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్క వాక్యం కంఠస్థం చేస్తే, మిగతా నా వ్యాసం చదవకపోయినా నాకు అభ్యంతరం లేదు.

అసలైన పాఠం తనిఖీ దశలో ఉంది. అది ఒకవైపే చూసేది: పట్టీలో ఉన్న పేర్లన్నీ నిజమేనా? గుమస్తా దగ్గర మిగిలిన పేర్లు కూడా అన్నీ నిజమైనవే. లేని పేరు గురించి పట్టీని అడిగితే ఏం చెబుతుంది? అందుచేత ఎదురు నుంచి కూడా నడవాలి. వాడుకునే ప్రతి చోటికీ వెళ్లి, గిన్నె తిప్పి పేరు చూసి, ఆ ఇంటికి వెళ్లి, మా చోటు మీ పట్టీలో ఉందా అని అడగాలి. అనిత ఆ ఎదురు తనిఖీని కూడా రాసింది. లోపం కనబడితే కంపైలర్ ఆగి తెర మీద ఒక వాక్యం చూపుతుంది. వాక్యం ఏముండాలని మురళి గారిని అడిగితే ఆయన క్షణం ఆలోచించకుండా చెప్పారు: "చుట్టం ఉన్నాడు, పిలుపు లేదు." దాన్ని ఇంగ్లీషులోకి మార్చమని తరువాత వచ్చినవాళ్లు ఎంత బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు.

సోమవారం నాడు నర్సిరెడ్డి గారు భార్యతో సహా సూర్యాపేట వచ్చారు. చెల్లెలి ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలిచి, అక్కడినుంచి నేరుగా మా మెట్లెక్కారు. "ఇగో మురళీ, ఇది పిల్ల దిక్కు పిలుపు. మీ అక్క పిలుపు మీ అక్కది. మళ్ల నన్ను ఏమనొద్దు," అని పత్రిక చేతిలో పెట్టారు. ఆడబిడ్డ ఎలా ఉందని నేను వారి భార్యను అడిగాను. "మాట్లాడుతున్నది గానీ, మిషన్ సంగతి ఎత్తుతున్నది," అందామె.

మిషన్ సంగతి ఆ వారంలోనే తేలింది. మిర్యాలగూడలో పెళ్లి బియ్యం బస్తాలు విప్పి పోశారు. నల్లగింజలు ఒకవైపుకు, తెల్లగింజలు మరొకవైపుకు బుద్ధిగా వెళ్లాయి. నర్సిరెడ్డి గారు దోసెడు తీసి ఎండలో పట్టుకుని చూసి, అనిత వైపు తిరిగారు.

"ఈ పిల్లనేనా మంచిగ చేసింది?"

"ఈ పిల్లనే బావా," అన్నారు మురళి గారు.

"మరి చెడగొట్టింది ఎవరు?"

మురళి గారు నావైపు చూశారు. నేను బియ్యం నాణ్యతను పరిశీలించడంలో పూర్తిగా నిమగ్నమై ఉన్నాను.

చివరి భోజనం

కొంతకాలానికి నేను పదవీ విరమణ చేశాను. సన్మానాలు నాకు గిట్టవు, శాలువాలు ఎండాకాలంలో కప్పుతారు. అయినా సూర్యాపేటలో భోజనం ఏర్పాటు చేశారు. ముందు మురళి గారు వచ్చి సంస్థ తరఫున పిలిచారు. మర్నాడు అనిత వచ్చింది. అప్పటికి తన కింద ఇద్దరు కొత్తవాళ్లను తీర్చిదిద్దుతోంది.

"మేడం, నా దిక్కు నుంచి పిలుస్తున్న. తప్పకుండ రావాలె."

"సార్ పిలిచారు కదా అమ్మా. భోజనం ఒక్కటే, మనిషిని ఒక్కదాన్నే."

"సార్ పిలిచింది ఆఫీసు మనిషిని. నేను పిలిచేది పాఠం చెప్పిన మేడంని," అంది. నవ్వకుండా అంది. ఆ నవ్వకపోవడం ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

భోజనం నాటి ఉదయం మురళి గారు ఫోను చేశారు. అత్యవసరంగా ఢిల్లీ వెళ్లవలసి వచ్చింది, సంస్థ కార్యక్రమం వాయిదా, క్షమించండి అన్నారు. పరవాలేదు సార్ అని చెప్పి, చీర మార్చుకుని, కోదాడలో బస్సెక్కాను. నా పేరు మీద రెండో పిలుపు ఇంకా ఉంది. అనిత వడ్డించిన అన్నంలో ఒక్క నల్లగింజ కూడా లేదు. వెతికాను.